వెబ్ కాష్: నకలు ఎంతసేపు నిజం?

వెబ్ కాష్ అంటే ఒకసారి తెప్పించిన పేజీకి నకలు తీసి దగ్గర్లో పెట్టుకుని, మళ్లీ ఎవరైనా అడిగినప్పుడు అసలు దాకా వెళ్లకుండా ఆ నకలునే అందించే ఏర్పాటు. ఆ నకలు చదువరి ఫోన్‌లోని బ్రౌజర్‌లోనే ఉండొచ్చు, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే సంస్థ యంత్రశాలలో ఉండొచ్చు, పేజీని తయారుచేసే సర్వర్ గుమ్మం ముందే కాపలా కాస్తూ ఉండొచ్చు. ఎక్కడున్నా దానివల్ల చదువరికి ఎదురుచూపు తగ్గుతుంది, దారిలో రద్దీ తగ్గుతుంది, అసలు సర్వర్‌కు చాకిరీ తగ్గుతుంది. వీటన్నిటికీ కలిపి కట్టాల్సిన మూల్యం ఒకటే: చేతికి అందినది ఇప్పటిది కాకపోవచ్చు. అసలు మారిపోయాక కూడా నకలు పాత మాటే చెబుతూ కూర్చుంటుంది. ముప్పై ఏళ్ల వెబ్ కాష్ చరిత్రలో వేగం సులువుగానే దొరికింది. ఇంజనీర్ల నిద్ర చెడగొట్టింది ఈ మూల్యమే.

'కాష్' అన్న మాటకు మూలం, దాచడమనే అర్థమున్న ఫ్రెంచి క్రియ. ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగిన ఫ్రెంచి వేటగాళ్లు తిండీ సరుకూ దాచుకునే చోటును అలా పిలిచేవారు. కంప్యూటర్లలోకి ముందు ఆలోచన వచ్చింది, పేరు తర్వాత వచ్చింది. నెమ్మదిగా పనిచేసే పెద్ద మెమరీ పక్కన చురుకైన చిన్న మెమరీ ఒకటి పెట్టి, తరచూ వాడేవాటిని అందులో ఉంచవచ్చని 1965లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ ఒక చిన్న పత్రం రాశారు. దానికి ఆయన పెట్టిన పేరు 'బానిస మెమరీ'. ఐబీఎం తన సిస్టం/360 శ్రేణిలోని మోడల్ 85కు ఇలాంటి అమరికే చేసింది. ఆ విశేషాలను సంస్థ పత్రికలో వేసేటప్పుడు ఇంజనీర్లు వాడిన 'హై-స్పీడ్ బఫర్' అన్న పేరు సంపాదకుడు లైల్ జాన్సన్‌కు నచ్చలేదు. ఇంకో మాట చెప్పమని అడిగి, ఎవరూ చెప్పకపోయేసరికి తానే 'కాష్' అని సూచించారు. అదే నిలిచిపోయింది. తెలుగులో డబ్బును పిలిచే క్యాష్, ఇదీ చెవికి ఒకేలా వినిపించడం మనకొక చిన్న చిక్కు.

వెబ్ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదనతో మొదలైంది. దానికి కాష్ మాత్రం కాస్త పక్కదారిన వచ్చి చేరింది. కంపెనీలు తమ లోపలి కంప్యూటర్లను బయటి ఇంటర్నెట్‌కు నేరుగా తగలనివ్వకుండా అడ్డుగోడలు కట్టుకునేవి. లోపలివారి తరఫున బయటికి వెళ్లి పేజీ తెచ్చిపెట్టే గుమాస్తా యంత్రం ఒకటి కావాల్సివచ్చింది. దాని పేరు ప్రాక్సీ. 1994లో సెర్న్‌లో జరిగిన తొలి వెబ్ మహాసభలో అరి లువొటొనెన్, కెవిన్ ఆల్టిస్ ఈ ప్రాక్సీ గురించి చెబుతూ ఇంకో ప్రయోజనం చూపించారు. అందరి అభ్యర్థనలూ ఒకే గుమ్మం గుండా పోతున్నప్పుడు, ఒకరి కోసం తెచ్చినదాన్ని అక్కడే దాచి ఇంకొకరికి ఇవ్వవచ్చు కదా. సెర్న్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం అప్పుడే వచ్చింది. కాపలా కోసం పెట్టిన మనిషి చేతికి గిడ్డంగి తాళాలు కూడా వచ్చాయన్నమాట.

ఆ రోజుల్లో దాని విలువ ఎంతో తెలియాలంటే అప్పటి వేగాలు గుర్తు చేసుకోవాలి. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు డయల్-అప్ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. 100 కిలోబైట్ల బొమ్మ ఒకటి దిగడానికి దాదాపు నిమిషంన్నర పట్టేది. వెనక్కి బాణం నొక్కిన ప్రతిసారీ అదే బొమ్మ మళ్లీ సముద్రాలు దాటి రావాలంటే టెలిఫోన్ బిల్లు చూసి కళ్లు తిరిగేవి. బ్రౌజర్ తన డిస్కులో నకలు ఉంచుకోవడం వల్లే ఆ బాణానికి అర్థం ఉండేది. న్యూజిలాండ్ విశ్వవిద్యాలయాల పరిస్థితి మరీ సూటిగా ఉండేది. సముద్రం అవతలి నుంచి వచ్చే డేటాకు అవి పరిమాణాన్ని బట్టి రుసుం కట్టేవి. కాష్‌లో దొరికిన ప్రతి పేజీ వాటికి మిగిలిన డబ్బే. కాష్, క్యాష్ నిజంగానే ఒకటైన చోటు అది.

అదే కాలంలో కొలరాడో, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 'హార్వెస్ట్' అనే ప్రాజెక్టులో భాగంగా ఒక కాష్ సర్వర్‌ను రాశారు. ఆ కోడ్ నుంచి రెండు కొమ్మలు పుట్టాయి. ఒకటి వ్యాపార సరుకైంది. రెండోదాన్ని డ్వేన్ వెసెల్స్ 1996లో అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధులతో 'స్క్విడ్' పేరిట అందరికీ ఉచితంగా ఇచ్చారు. స్క్విడ్‌లోని ప్రత్యేకత దాని కుటుంబ వ్యవస్థ. ఒక కాష్ తన దగ్గర లేనిదాన్ని ముందు తోబుట్టువు కాష్‌లను అడుగుతుంది, వారి దగ్గరా లేకపోతే పెద్ద కాష్‌ను అడుగుతుంది, చివరికే అసలు సర్వర్‌కు పోతుంది. కాగితం మీద చక్కగా కనిపించే ఈ పద్ధతి ఆచరణలో కొంత తడబడింది. నలుగురిని అడిగి 'లేదు' అనిపించుకునే సమయంలో తిన్నగా అసలు దగ్గరికే వెళ్లి రావచ్చు. కుటుంబం సన్నగిల్లినా స్క్విడ్ మాత్రం బతికింది. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో బ్రౌజర్ సెట్టింగుల్లో 3128 అనే పోర్టు నంబరు కొట్టిన విద్యార్థులు తెలుగునాట చాలామందే ఉంటారు. అది స్క్విడ్ తనంతట తాను ఎంచుకునే పోర్టు.

డయల్-అప్ పోయి ఫైబర్ వచ్చాక కాష్ అవసరం తీరిపోయి ఉండాలనిపిస్తుంది. తీరకపోవడానికి కారణం కాంతి వేగం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికాలో సర్వర్లు గుంపులుగా ఉండే వర్జీనియాకు గీత గీసినట్టు కొలిస్తేనే 13 వేల కిలోమీటర్ల పైమాట. వెళ్లి రావడానికి కాంతికి 130 మిల్లీసెకన్లు కావాలి. తీగలు వంకరటింకరగా పోతాయి కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువ. సురక్షిత కనెక్షన్ కుదుర్చుకోవడానికి రెండు రాకపోకలు, పేజీ అడగడానికి మూడోది. మొదటి అక్షరం రాకముందే సెకనులో మూడో వంతు దాటిపోతుంది. ఎంత ఖర్చుపెట్టి ఎంత లావు తీగ వేసినా ఈ లెక్క తగ్గదు. దూరాన్ని తగ్గించడమొక్కటే మార్గం, దూరాన్ని తగ్గించడమంటే నకలును దగ్గరికి తేవడమే.

ఇక అసలు సమస్య: నకలు ఎంతసేపు నిజం? వెబ్ ప్రమాణ పత్రాలు ఇక్కడ వంటింటి మాటలు వాడతాయి. వాటిని తెలుగులో పెడితే సరిగ్గా అతికేవి 'తాజా', 'చద్ది'. సర్వర్ పేజీని పంపేటప్పుడు దానితో పాటు హెడర్లు అనే కొన్ని చీటీలు పంపుతుంది. ఫలానా తేదీ, ఫలానా సమయం వరకు ఇది తాజా అని చెప్పే 'ఎక్స్‌పైర్స్' చీటీ 1996 నాటి వెబ్ ప్రమాణం హెచ్‌టీటీపీ 1.0లోనే ఉంది. దానికో లోపం ఉండేది. సర్వర్ గడియారం, చదువరి గడియారం కలవకపోతే తాజా సరుకు చద్దిగా, చద్ది తాజాగా కనిపించేవి. 1997 జనవరిలో వచ్చిన 1.1 ప్రమాణం అందుకే తేదీకి బదులు వ్యవధి చెప్పే పద్ధతి తెచ్చింది. 'కాష్-కంట్రోల్' అనే చీటీ మీద మ్యాక్స్-ఏజ్ 60 అని ఉంటే 60 సెకన్ల పాటు ఆ నకలును ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు.

అరవై సెకన్లు దాటగానే నకలును పారెయ్యక్కర్లేదు. చద్దన్నమంతా పాచిపోయిందని అర్థం కాదు కదా. కాష్ సర్వర్‌ను ఒక్క ప్రశ్న అడుగుతుంది: నా దగ్గరున్నది ఫలానా తేదీది, ఆ తర్వాత ఏమైనా మారిందా? మారకపోతే సర్వర్ పేజీ పంపకుండా '304' అనే మూడంకెల జవాబు మాత్రం ఇస్తుంది. నకలుకు మళ్లీ ఆయుష్షు పెరుగుతుంది. తేదీ సెకను వరకే లెక్క కాబట్టి ఒకే సెకనులో రెండుసార్లు మారిన ఫైల్‌ను అది పట్టుకోలేదు. 1.1 ప్రమాణం ప్రతి రూపానికీ వేలిముద్ర లాంటి గుర్తును జోడించింది. దాని పేరు ఈట్యాగ్. వేలిముద్ర కలిస్తే పాతదే, కలవకపోతే కొత్తది. ఇలా అడిగి తెలుసుకోవడంలో డేటా మిగులుతుంది కానీ రాకపోకకు పట్టే సమయం మిగలదు. వర్జీనియా దాకా వెళ్లి 'మారలేదు' అనిపించుకోవడానికి కూడా ఆ 130 మిల్లీసెకన్లు పోగొట్టుకోవాల్సిందే.

సర్వర్ ఏ చీటీ పంపకపోతే? కాష్ తానే అంచనా వేసుకుంటుంది. ఎన్నాళ్లుగా మారలేదో చూసి, అందులో పదో వంతు కాలం తాజా అనుకోవడం వాడుకలో ఉన్న లెక్క. పది రోజులుగా కదలని ఫైల్ ఇంకొక్క రోజు కూడా కదలదన్న నమ్మకం. పల్లెటూరి తర్కంలా ఉన్నా బాగానే పనిచేస్తుంది, పనిచేయని రోజున మాత్రం ఎందుకు చెడిందో ఎవరికీ అంతుపట్టదు. వెబ్‌సైట్ నడిపేవారు చీటీలు రాయకుండా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

చీటీల్లో ఒకదాని పేరు మాత్రం తరతరాల ప్రోగ్రామర్లను తికమక పెడుతోంది. 'నో-కాష్' అంటే దాచవద్దు అని ఎవరైనా అనుకుంటారు. దాని అర్థం దాచుకో, వాడే ముందు మాత్రం ప్రతిసారీ అడుగు అని. నిజంగా దాచవద్దని చెప్పేది 'నో-స్టోర్'. బ్రౌజర్ సంస్థ నెట్‌స్కేప్‌లో పనిచేసిన ఫిల్ కార్ల్‌టన్ చెప్పినట్టు కంప్యూటర్ లోకంలో వినిపించే చమత్కారం ఒకటుంది: ఈ శాస్త్రంలో కష్టమైన పనులు రెండే, పాతబడిన నకలును తీసేయడం, దేనికైనా పేరు పెట్టడం. ఆ రెండు కష్టాలూ ఒకే మాటలో చూడాలంటే నో-కాష్ చాలు.

ఎంత పెద్ద గిడ్డంగి కడితే ఎంత లాభం అన్న ప్రశ్నకు 1999లో మంచి జవాబు దొరికింది. లీ బ్రెస్లావ్, పేయ్ కావ్ తదితరులు ప్రాక్సీల చిట్టాలు తిరగేసి, పేజీల ఆదరణ జిఫ్ సూత్రానికి దగ్గరగా ఉందని చూపారు. భాషలో కొద్ది మాటలే పదేపదే వినిపించి, లెక్కలేనన్ని మాటలు ఎప్పుడో ఒకసారి వచ్చినట్టే, వెబ్‌లోనూ కొద్ది పేజీలను అందరూ చూస్తారు, మిగతావి ఎవరో ఒకరు చూస్తారు. అందుకే చిన్న కాష్ కూడా చాలా అభ్యర్థనలు తీరుస్తుంది. దాన్ని పదింతలు చేస్తే లాభం పదింతలు కాదు, మరికొంత మాత్రమే పెరుగుతుంది. ఇంకో విచిత్రం, సైట్ల నకళ్లను ప్రపంచమంతా ఉంచే అకమాయి సంస్థ సర్వర్ల పరిశీలనలో బయటపడింది. వచ్చిన వస్తువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులను ఒక్కసారి తప్ప ఎవరూ అడగలేదు. అలాంటివాటిని దాచడం దండగ. మొదటిసారి అడిగినప్పుడు పేరు మాత్రం గుర్తుపెట్టుకుని, రెండోసారి అడిగితేనే డిస్కులో రాయడం మొదలుపెట్టారు. డిస్కు మీద రాత దాదాపు సగానికి పడిపోయింది. గిడ్డంగి నిండినప్పుడు దేన్ని తీసేయాలన్న ప్రశ్నకు ఎక్కువమంది పాటించేది, ఎంతో కాలంగా ఎవరూ ముట్టనిదాన్ని తీసేయడం. ఇల్లు సర్దే ఎవరికైనా తెలిసిన పద్ధతే.

కాష్ అందరికీ మేలే చేసిందనుకుంటే పొరపాటు. ప్రకటనల మీద బతికే వెబ్‌సైట్లకు తమ పేజీని ఎంతమంది చూశారన్న లెక్కే ఆదాయం. మధ్యలో ప్రాక్సీ నకలు ఇచ్చేస్తే ఆ చూపు లెక్కలోకి రాదు. నకళ్ల ద్వారా చూసినవారి సంఖ్యను కాష్‌లే నిజాయితీగా తెలియజేసే పద్ధతి ఒకటి 1997లో ప్రమాణంగా వచ్చింది. దాన్ని పాటించినవారు అరుదు. సైట్లు అంతకన్నా సులువైన ఉపాయం పన్నాయి. అడ్రసు చివర ప్రతిసారీ ఓ కొత్త అంకె తగిలిస్తే కాష్ దాన్ని కొత్త పేజీ అనుకుని అసలు దాకా పోతుంది. ఒకరు రోడ్డు వేస్తుంటే ఇంకొకరు గోతులు తవ్వినట్టుండేది వ్యవహారం. చట్టం సంగతీ తేలాల్సి వచ్చింది. అనుమతి లేకుండా నకలు తీయడం కాపీరైటు ఉల్లంఘన అవుతుందా అన్న భయాన్ని అమెరికా 1998లో చేసిన డిజిటల్ కాపీరైటు చట్టం ఒక ప్రత్యేక మినహాయింపుతో తీర్చింది. మన దేశం కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణలో, ఎలక్ట్రానిక్ ప్రసారంలో భాగంగా తాత్కాలికంగా జరిగే నిల్వకు మినహాయింపు ఇచ్చింది.

చదువరి వైపున పెట్టే ప్రాక్సీకి భిన్నంగా, సైటు యజమానే డబ్బిచ్చి ప్రపంచమంతా నకళ్లు పెట్టించుకునే వ్యాపారం 1990ల చివర పుట్టింది. దాన్ని సీడీఎన్ అంటారు. 1995లో అప్పటికే అమెరికాలోని ఎంఐటీకి వచ్చేసిన బెర్నర్స్-లీ, వెబ్ మీద ఒక్కసారిగా విరుచుకుపడే రద్దీకి విరుగుడు కనిపెట్టమని సహోద్యోగులకు సవాలు విసిరారు. గణిత ఆచార్యుడు టామ్ లెయిటన్, ఆయన విద్యార్థి డేనియల్ లెవిన్ దాన్ని అందుకున్నారు. వారు పరిష్కరించిన చిక్కు చూడటానికి చిన్నది. నూరు కాష్ యంత్రాలున్నాయి, ఏ పేజీ ఏ యంత్రంలో పెట్టాలి? పేజీ పేరును ఒక పెద్ద అంకెగా మార్చి నూరుతో భాగించి, శేషాన్ని బట్టి యంత్రాన్ని ఎంచుకోవడం అందరికీ తోచే పద్ధతి. ఇంకో యంత్రం చేర్చారనుకోండి. ఇప్పుడు నూటొకటితో భాగించాలి. శేషాలన్నీ తారుమారై, నూటికి 99 పేజీలు వేరే యంత్రానికి చెందినవైపోతాయి. ఒక్క యంత్రం చేర్చినందుకు గిడ్డంగి మొత్తం ఖాళీ అయినట్టే.

డేవిడ్ కార్గర్, ఎరిక్ లేమన్, లెయిటన్, లెవిన్ తదితరులు 1997లో చూపిన ఉపాయం ఇది. గుండ్రని బల్ల చుట్టూ అంకెలు రాసి ఉన్నాయనుకోవాలి. యంత్రాలూ పేజీలూ తమ తమ అంకెల దగ్గర కూర్చుంటాయి. ప్రతి పేజీ తన కుడివైపున మొదట ఎదురయ్యే యంత్రానికి చెందుతుంది. కొత్త యంత్రం వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే దాని ఎడమపక్క కాస్త మేర ఉన్న పేజీలు మాత్రమే చేతులు మారతాయి, అంటే సగటున నూటొక్కింటిలో ఒక వంతు. మిగతావి కదలవు. ఒక యంత్రం చెడిపోయినా అంతే. ఈ 'కన్సిస్టెంట్ హ్యాషింగ్' ఇవాళ కాష్‌లను దాటి పెద్ద పెద్ద డేటాబేస్‌ల లోపలికీ వెళ్లింది. లెయిటన్, లెవిన్ 1998లో స్థాపించిన కంపెనీకి అకమాయి అని పేరు పెట్టారు. హవాయి భాషలో తెలివైనదని అర్థం. లెవిన్ 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాల్లో మొదటిదాన్ని ఢీకొట్టిన విమానంలో ప్రయాణిస్తూ మరణించారు. అప్పటికి ఆయన వయసు 31.

ఆ ఇద్దరి లెక్కల ఫలితం క్రికెట్ రోజున మన ఫోన్లలో కనిపిస్తుంది. 2019 ప్రపంచ కప్‌లో భారత్–న్యూజిలాండ్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. 2023 ఫైనల్‌కు ఆ సంఖ్య 5.9 కోట్లకు చేరింది. ప్రత్యక్ష ప్రసారాన్ని దాచిపెట్టడమేమిటని అనిపించవచ్చు. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు, ప్రతి ముక్కా ఒక చిన్న ఫైల్. ఒక ఊరి కాష్‌కు ఆ ముక్క ఒక్కసారి వస్తే చాలు, అక్కడి లక్షమందికీ అదే పంచవచ్చు. ఆ ముక్క ఆయుష్షు కొద్ది సెకన్లే అయినా ఆ కొద్దిలోనే పుట్టెడు పని చేస్తుంది. పక్కింట్లో కేకలు వినిపించాక మన తెరమీద వికెట్ పడటానికి ముక్కలు కోయడానికి, పంచడానికి పట్టే సమయమే చాలావరకు కారణం.

నకలును ఎక్కువకాలం ఉంచాలి, అసలు మారగానే అది పోవాలి. పొంతన లేని ఈ రెండు కోరికలనూ కలిపే చక్కని ఉపాయం ఫైల్ పేరులోనే వేలిముద్ర చేర్చడం. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా పేరు మారుతుంది. పేరు మారితే అది కాష్‌కు కొత్త వస్తువే. పాత పేరు ఇక ఎన్నటికీ మారదు కాబట్టి దానికి 3,15,36,000 సెకన్లు, అంటే పూర్తి ఏడాది ఆయుష్షు ఇవ్వవచ్చు. లోగోలు, అక్షరాల ఫాంట్లు, ప్రోగ్రాం ఫైళ్లు ఇలాగే నడుస్తున్నాయి. ఈ ఉపాయం ముఖపత్రానికి మాత్రం పనికిరాదు. వార్తాపత్రిక సైటు చిరునామా రోజుకొక పేరుతో మారిపోతే ఎవరూ దాన్ని చేరలేరు. చివరికి ఒక్క పేజీనైనా తక్కువ వ్యవధితో ఉంచి, దానిలోంచి మిగతావాటి కొత్త పేర్లు చెప్పించాలి. అది కూడా చాలనప్పుడు సీడీఎన్‌కు 'ఇది తీసెయ్' అని ఆదేశం పంపుతారు. ప్రపంచమంతా పరుచుకున్న వేల యంత్రాలకు ఆ కబురు అందాలి. చదువరి బ్రౌజర్‌లో ఉన్న నకలుకు ఆ కబురు పోయే దారే లేదు.

తాజాదనం తీరే క్షణం దానికదే ప్రమాదకరం. సెకనుకు వేలమంది చూసే పేజీ నకలు ఒకేసారి చద్దిబడితే, ఆ వేలమందీ ఒక్కసారిగా అసలు సర్వర్ మీద పడతారు. కాష్‌ను నమ్ముకుని చిన్నగా కట్టుకున్న సర్వర్ కూలిపోతుంది. 2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్ సుమారు రెండున్నర గంటలు ఆగిపోవడం ఈ జాతి ప్రమాదమే. ఒక కాన్ఫిగరేషన్ విలువ తప్పుగా మారింది. కాష్‌లో తప్పు విలువ కనిపిస్తే దాన్ని చెరిపి డేటాబేస్ నుంచి మళ్లీ తెచ్చుకోవాలని రాసిన ప్రోగ్రాం ఉంది. డేటాబేస్‌లోనే తప్పు ఉన్నప్పుడు అది ఎన్నిసార్లు తెచ్చుకున్నా తప్పే వస్తుంది. డేటాబేస్ అలసి జవాబివ్వలేకపోతే దాన్నీ తప్పు విలువగానే లెక్కేసి కాష్‌ను మళ్లీ చెరిపింది. రోగం నయం చేసేందుకు పెట్టిన మందే రోగమైంది. సైటును పూర్తిగా ఆపేస్తే తప్ప ఆ వలయం తెగలేదు. విరుగుళ్లు ఇప్పుడు ఉన్నాయి. ఒకే పేజీకి వచ్చిన వేయి అభ్యర్థనల్లో ఒక్కదాన్నే అసలు దాకా పంపి మిగతావారిని నిలబెట్టడం ఒకటి. 2010లో మార్క్ నాటింగ్‌హామ్ రాసిన ప్రమాణం ఇంకొకటి: కొత్తది వచ్చేలోగా చద్దిదే వడ్డించవచ్చని సర్వర్ ముందే అనుమతి ఇస్తుంది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఆకలితో వచ్చినవారికి చద్దన్నం పెట్టడం మనకు కొత్త కాదు.

చద్ది పెట్టడం కన్నా పెద్ద తప్పు ఒకరి విస్తరి ఇంకొకరికి వేయడం. 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ అనే వీడియో గేముల దుకాణం మీద కావాలని ఎవరో పంపిన రద్దీ విరుచుకుపడింది. తట్టుకోవడానికి హడావిడిగా మార్చిన కాష్ నియమాల్లో పొరపాటు దొర్లి, లాగిన్ అయినవారి సొంత పేజీలు కూడా దాచుకోవడం, అడిగినవారికల్లా ఇవ్వడం జరిగిపోయాయి. గంటన్నరలో దాదాపు 34 వేలమంది వివరాలు ఇతరుల కంటపడే అవకాశం ఏర్పడింది. ఇలాంటిదాన్ని కావాలనే చేయించవచ్చని 2017లో ఓమర్ గిల్ అనే పరిశోధకుడు చూపారు. సొంత ఖాతా పేజీ అడ్రసు చివర లేని బొమ్మ ఫైల్ పేరొకటి తగిలించి ఎవరిచేతనైనా నొక్కిస్తే, సర్వర్ ఖాతా పేజీ ఇస్తుంది, కాష్ దాన్ని బొమ్మ అనుకుని దాచిపెడుతుంది. ఆ తర్వాత దొంగ వచ్చి తీరిగ్గా తీసుకుంటాడు.

బ్రౌజర్‌లోని నకలు కూడా చాడీలు చెబుతుంది. ఒక బొమ్మ తక్షణం వచ్చేసిందంటే అది ముందే దాచి ఉందన్నమాట, అంటే ఆ మనిషి ఫలానా సైటుకు వెళ్లాడన్నమాట. ఈ గూఢచర్యం సాధ్యమని 2000లోనే ఎడ్వర్డ్ ఫెల్టెన్, మైకేల్ ష్నైడర్ నిరూపించారు. మందు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. సఫారీ 2013లో, క్రోమ్ 2020 అక్టోబరులో, ఫైర్‌ఫాక్స్ 2021 జనవరిలో ప్రతి సైటుకూ కాష్‌లో వేరే అర కేటాయించాయి. ఒక సైటు తెప్పించిన ఫైల్ ఇంకో సైటుకు అక్కరకు రాదు. ఒకే ఫైల్ పది అరల్లో పదిసార్లు పడి ఉంటుంది. గోప్యత కోసం కట్టిన ఈ వెల సమంజసమే.

మధ్యదారి ప్రాక్సీలను మాత్రం ఎన్‌క్రిప్షన్ చంపేసింది. వెబ్ దాదాపు అంతా హెచ్‌టీటీపీఎస్‌కు మారాక, దారిలో ఉన్నవారికి కనిపించేది తాళం వేసిన పెట్టె. లోపలేముందో తెలియనప్పుడు నకలు ఎలా తీస్తారు? 1994లో కాపలా మనిషి చేతికొచ్చిన గిడ్డంగి తాళాలు అలా తిరిగి పోయాయి. ఇప్పుడు గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలే తమ కాష్ పెట్టెలను ఇంటర్నెట్ కంపెనీల యంత్రశాలల్లో పెట్టించుకుంటున్నాయి. చిన్న సైట్లు సీడీఎన్‌ల చేతికి తాళంచెవి ఇస్తున్నాయి. ఫలితంగా వెబ్‌లో పెద్ద భాగం కొద్ది కంపెనీల గుమ్మాల గుండా పోతోంది. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ అనే సీడీఎన్‌లో ఒక ఖాతాదారు తన సెట్టింగు మార్చుకోగానే నిద్రపోతున్న లోపమొకటి లేచింది. దాని నెట్‌వర్క్‌లో 85 శాతం తప్పు జవాబులివ్వడం మొదలుపెట్టింది. ది గార్డియన్, న్యూయార్క్ టైమ్స్, బ్రిటన్ ప్రభుత్వ సైటు ఒకేసారి మూగబోయాయి. 49 నిమిషాల్లో చాలావరకు కోలుకున్నా, భారం పంచడానికి పుట్టిన వ్యవస్థే ఒక్కచోట భారమంతా మోస్తోందని ఆ పొద్దు తెలిసింది.

పరీక్ష ఫలితాల రోజున పేజీ కదలకపోతే అందరూ రిఫ్రెష్ బటన్ మీద పడతారు. కంప్యూటర్‌లో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే బ్రౌజర్ తన నకళ్లను పక్కనపెట్టి కొత్తగా అడుగుతుంది. ఆ అభ్యర్థన సీడీఎన్ దాకా వెళ్లాక దానికి సామాన్యంగా విలువ ఉండదు. ఎవరు నొక్కితే వారికల్లా అసలు సర్వర్ తలుపు తెరిస్తే కాష్ పెట్టిన ప్రయోజనమే ఉండదు కాబట్టి, చాలా సీడీఎన్‌లు చదువరి కోరికను పక్కనపెట్టి, సైటు యజమాని రాసిన వ్యవధినే పాటిస్తాయి. ఆ వ్యవధి 60 సెకన్లయితే, ఎన్నిసార్లు నొక్కినా ఆ 60 సెకన్లు అయ్యేదాకా వచ్చేది పాత పేజీయే.